ఉల్కన్ ఎజె ఎడమ చెయ్యి

ఉల్కన్ ఎజె చేతిలోంచి పియాలా జారిపోవడం నేను మొదటిసారి చూసింది మార్చి నెల మొదట్లో, మధ్యాహ్నం టీ వేళ. ఆమె ఎడమ చేత్తో పియాలా పట్టుకుని కుడి చేత్తో రొట్టె అందుకోబోయింది. నిజానికి పియాలా జారలేదు. వేళ్లే విచ్చుకున్నాయి. చిటికెన వేలు, దాని పక్కది, ఆ పక్కది, ఒకదాని తర్వాత ఒకటి, నిద్రలోకి జారుతున్న పసిపిల్ల గుప్పిలి విడినట్టు. పొగలు కక్కే టీ ఆమె అరచేతి మీదుగా కారింది. ఎజె ఉలిక్కిపడలేదు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. బల్ల తడిసిపోయాక గానీ చూసుకోలేదు.

"చేతులకి కూడా ముసలితనం వచ్చేసింది పిల్లా," అని నవ్వి, కుడి చేత్తో ఇంకో పియాలా తీసుకుంది.

నాకు నవ్వు రాలేదు. మా వార్డులో ఎవర్ని చేర్చుకున్నా డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, అన్నిటికంటే ముందు ఏం జరిగింది అని. సగం మంది ఒకటే చెబుతారు. చేతిలోంచి ఏదో జారిపోయింది. ఒకరికి బొగ్గు బకెట్టు. ఒకరికి పాలగిన్నె. మా వార్డులో ఉన్న షార్షెంబెక్ ఆతాకి, అంటే తాతకి, గుర్రపు కళ్లెం.

మా ఆసుపత్రి రెండో అంతస్తు చివర పన్నెండు మంచాల వార్డు మాది. తలుపు మీద బోర్డులో పునరావాస విభాగం అని రాసి ఉంటుంది, పట్టణంలో మాత్రం అందరూ కసరత్తు వార్డు అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లు, గుర్రం మీంచి పడ్డవాళ్లు, మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న ముసలమ్మలు అక్కడికి వస్తారు. ఏం చేయించాలో డాక్టర్ గులీపా అసనోవ్నా చెబుతుంది. చేయించేది మేమిద్దరం. లేపి కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నడిపించడం, మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, ముడుచుకుపోయిన గుప్పిలిని ఒక్కో వేలూ విప్పడం. ఉల్కన్ ఎజె ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉంది. నేను పదకొండు నెలలుగా ఉన్నాను. తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మకి జబ్బు చేసి బడి మానేశాను, అమ్మని చూసుకుంటూ నేర్చుకున్నదే నా చదువు. ఉల్కన్ నాకు అక్క వరసేం కాదు. కానీ తనకంటే పెద్దవాళ్లు కూడా వార్డులో ఆమెని ఎజె అనే పిలుస్తారు.

ఆమెకి యాభై ఎనిమిదేళ్లు. పెళ్లికి ముందు వేసవి పచ్చికల మీద ఆడగుర్రాల పాలు పితికేది. అది ఆవు పాలు పితికినట్టు కాదు. పీట వేసుకుని కూర్చుంటే తన్ని చంపేస్తుంది. ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో మోకాలి మీద బకెట్టు పెట్టుకుని, ఒక చెయ్యి గుర్రం వెనక కాలి చుట్టూ వేసి పితకాలి. కాలు బిగుసుకుంటే ఆ చేతికి ముందే తెలిసిపోతుంది. పెళ్లయ్యాక అత్తగారు మంచాన పడితే మూడేళ్లు తనే లేపి పడుకోబెట్టింది. ఆవిడ పోయాక ఆసుపత్రిలో నేల తుడిచే పనిలో చేరింది. ఒకరోజు ఒక రోగికి బూట్లు తొడగడానికి ఒంటి మోకాలి మీద కూర్చుందట. ఆయన తూలితే, లేవకుండానే తన మోకాలు ఆయన మోకాలికి అడ్డం పెట్టి, కాలి చుట్టూ చెయ్యి వేసి నిలబెట్టేసింది. అప్పటి పెద్ద డాక్టర్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. మర్నాటి నుంచి ఆమె చేతిలో చీపురు లేదు.

రోగుల్ని పట్టుకోవడానికి ఆమె వాడేది గుర్రం జీను కింద బిగించే పట్టీ. భర్త గుర్రానిది. భర్త పోయాక జీను, గుర్రం రెండూ మరిది ఇంటికి వెళ్లిపోయాయి, ఆ పట్టీ మాత్రం వార్డులో మేకుకి వేలాడుతోంది. నైలాన్ పట్టీలు వచ్చి బీరువాలో మూలుగుతున్నాయి. ఎజె రోగి నడుముకి ఆ తోలు పట్టీ బిగించి, ఎదురుగా నిలబడి, రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని తను వెనక్కి నడుస్తూ అవతలివాళ్లని ముందుకి నడిపిస్తుంది. ఇరవై ఏడేళ్లలో ఆ చేతుల్లోంచి ఒక్కరూ కింద పడలేదు. పాత రోగులు కొత్త రోగులకి చెప్పే మొదటి మాట అదే.

పియాలా సంగతి జరిగిన దగ్గర్నుంచి నా కళ్లు ఆ ఎడమ చేతి మీదే ఉండేవి. బకిల్ బిగించేటప్పుడు పళ్ల సాయం తీసుకోవడం చూశాను. దుప్పటి మడతపెట్టేటప్పుడు ఆ చెయ్యి ఊరికే పైన ఆనించి ఉంచడం చూశాను.

"ఏంటి జుమా, నా చేతి మీద ఏమైనా రాసి ఉందా?"

"లేదు ఎజె."

"మరి తెగ చదివేస్తున్నావే."

ఆ మాట రోగుల ముందు నవ్వుతూ అంది. తర్వాత దుప్పట్ల గదిలోకి నా వెనకే వచ్చి తలుపు మూసింది. అప్పుడు నవ్వడం లేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నరం పట్టేసింది. ఎండలు వస్తే అదే వదులుతుంది."

"ఒక్కసారి గులీపా అసనోవ్నాకి చూపిస్తే..."

"చూపిస్తే ఏమంటుందో నాకు తెలియదా? ఆవిడ అందరితో అనే మాటలన్నీ పక్కన నిలబడి విన్నదాన్నే కదా." దుప్పట్ల దొంతర మీద ఎడమ చెయ్యి పెట్టి, అది తనది కానట్టు దాన్నే చూసింది. "ఇరవై ఏడేళ్లు మంచాల పక్కన నిలబడ్డాను. మంచం మీంచి చూస్తే ఆ పైకప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసుకోవాలని లేదు పిల్లా."

ఆమె భయపడటం నేనెప్పుడూ చూడలేదు. పెద్ద గొంతు, పెద్ద అడుగులు, అరిచే రోగి మీద తను ఇంకా గట్టిగా అరిచే మనిషి. ఆ గదిలో ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. నేను తలూపాను. ఊపిన మరుక్షణం నుంచి ఆ భయం నాది కూడా అయింది.

పొద్దున్నే మెట్లెక్కుతూ, ఆ రోజు ఎజె ఎవరెవర్ని నిలబెట్టాలో భయంగా లెక్కపెట్టుకునేదాన్ని. ఎజె ఎవర్ని నిలబెట్టినా నేను ఏదో వంకతో ఆమె ఎడమ పక్కకి చేరేదాన్ని. తువ్వాలు, నీళ్ల సీసా, కుర్చీ, ఏదో ఒకటి చేతిలో ఉండేది. తుంటి విరిగిన ముసలమ్మ సొనున్‌బూబూ ఆపా ఒకరోజు నడక నేర్పే కమ్మీల మధ్య తూలింది. తువ్వాలు పారేసి పట్టుకున్నాను. ఆపాకి ఏం తెలియలేదు. "ఈ పిల్ల నన్ను కౌగిలించుకోవడానికే పుట్టింది," అని నా బుగ్గ గిల్లింది. ఎజె నా వైపు చూడలేదు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

షార్షెంబెక్ ఆతా ఫిబ్రవరి చివర్లో వచ్చాడు. డెబ్బై ఒక్క ఏళ్లు, గుర్రాల కాపరి, తలుపు నిండా ఉండే మనిషి. కుడి పక్క పడిపోయింది. మాట మాత్రం పోలేదు.

"నాలుక దగ్గరికి రావడానికి పక్షవాతానికి ధైర్యం చాల్లేదు," అంది ఆయన భార్య కల్‌బూబూ ఆపా.

మొదటి రోజు నా పేరు అడిగాడు.

"జుమగుల్."

"అంటే శుక్రవారం పుట్టావు. నేను బుధవారం వాణ్ని. మధ్యలో గురువారం ఎవరైనా దొరికితే ముగ్గురం కలిసి వారం నడిపించేద్దాం."

వారం నడిపిస్తానన్న మనిషి తను మాత్రం నడవనన్నాడు. కూర్చునేవాడు, తినేవాడు, జోకులేసేవాడు. లేవమంటే గోడ వైపు తిరిగేవాడు. ముప్పై రోజులు అలాగే గడిచాయి. గులీపా అసనోవ్నా బతిమాలింది, ఎజె తిట్టింది. చివరికి కల్‌బూబూ ఆపాకి ఒళ్లు మండింది.

"వినవయ్యా. నువ్వు ఐదడుగులు వేస్తే మనవల్ని, మనవరాళ్లని పిలిపిస్తా. నీ కాళ్లకి తాడు కట్టి పరుగు పందెం పెట్టిస్తా. గెలిచినవాళ్లు వచ్చి కోస్తారు."

"తప్పటడుగులు వేసే పిల్లాడికి చేసే వేడుక నాకు చేస్తావా? ఊరు నవ్వదూ!"

"ఆ పిల్లాడే నయం. చెబితే వింటాడు."

ఆతా నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మా వైపు ఏ బిడ్డకి చేసినా ఆ వేడుకలో ఒకటే కోరుకుంటాం, కాళ్లకి ఉన్న అడ్డు తెగిపోవాలని. సాయంత్రం ఆయనే ఎజెని పిలిచి, "ఆ గుర్రప్పట్టీ ఇటు తే," అన్నాడు.

ఏప్రిల్ రెండో వారానికి కమ్మీలు వదిలి మూడు అడుగులు, నాలుగు అడుగులు వేశాడు. గులీపా అసనోవ్నా వేడుకకి ఒప్పుకుంది.

"శనివారం పదకొండింటికి. కసరత్తు హాల్లోనే. ఐదడుగులు, అంతే. అది కూడా ఉల్కన్ ఎజె పట్టుకుంటేనే."

అందరూ ఎజె వైపు చూశారు. ఎజె, "నేను కాకపోతే ఇంకెవరు పట్టుకుంటారు?" అంది. ఎడమ చెయ్యి కోటు జేబులో ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను డాక్టర్ గది ముందు నిలబడ్డాను. చెప్పాల్సిన మాటలు లోపల వరసగా పేర్చుకున్నాను. ఎజె చెయ్యి బాగోలేదు. ఆతా బరువు తొంభై ఐదు కిలోలు. ఆయన కుడి పక్క తూలితే ఆపాల్సింది ఎదురుగా నిలబడ్డ ఎజె ఎడమ చెయ్యే. మూడే మాటలు. తలుపు తీశాను.

"ఏంటమ్మా జుమగుల్?"

నేను గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాను.

"రేపటికి... కుర్చీలు ఎన్ని వేయమంటారు?"

"ఆరు చాలు."

వెళ్లి ఆరు కుర్చీలు వేసి వచ్చాను.

సాయంత్రం ధైర్యం చేసి ఎజెతోనే అన్నాను. "రేపు నేను కూడా వెనక నుంచి పట్టుకుంటాను."

"వెనకాల నిలబడు. చెయ్యి వెయ్యకు. ఆయన తనే నడిచాననుకోవాలి. నడవడానికొచ్చిన మనిషిని ఇద్దరు పట్టుకుంటే పోలీసులు లాక్కెళ్తున్నట్టుంటుంది."

శనివారం హాలు నిండిపోయింది. కల్‌బూబూ ఆపా పిండి ముక్కలు నూనెలో వేయించి, ఆ బోర్సోకులు గుడ్డలో మూటకట్టి తెచ్చింది. పన్నెండు మంచాల్లో లేవగలిగినవాళ్లందరూ వచ్చి గోడలకి ఆనుకున్నారు. ఏడుగురు పిల్లలు వరండా ఆ చివర మెట్ల దగ్గర బూట్లు విప్పి నిలబడ్డారు. ఆతాకి కొత్త చొక్కా, తెల్లటి ఫెల్టు టోపీ, నల్లటి మెత్తని తోలు బూట్లు వేశారు. ఎజె పట్టీ బిగించింది. బకిల్ దగ్గర ఆమె తల వంచింది. పళ్లు వాడుతోందని నాకు ఒక్కదానికే తెలుసు.

ఆపా జేబులోంచి తాడు తీసింది. నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు. పిల్లల వేడుకకైతే రెండు పోగులూ మెత్తటి గొర్రె ఊలుతో పేనుతాం, గట్టిగా లాగినా తెగిపోతుంది. ఆమె తెల్లపోగు ఊలుతోనే పేనింది. నల్ల ఊలు దొరక్క మేక వెంట్రుకలతో నల్లపోగు పేనింది. గుర్రాల కాపరి కదా, పిల్లల ముడి వేస్తే ఆయనకి చిన్నతనమని, మేతకి వదిలిన గుర్రం ముందు కాళ్లకి వేసే ముడి వేసింది. మా నాన్న వేయగా చిన్నప్పటి నుంచి చూస్తున్న ముడి అది. లాగినకొద్దీ బిగుస్తుంది. ఆమె వంగి కడుతుంటే ఆతా పైనుంచి, "చూసి కట్టవే, నీ దగ్గర్నుంచి పారిపోయేలా ఉన్నాను," అన్నాడు. అందరూ నవ్వారు. ముడి చూశాను, దాని అర్థం ఏంటో అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. నేను చూస్తున్నది ఎజె ఎడమ చేతినే.

పిల్లలు పరిగెత్తారు. తొమ్మిదేళ్ల మనవరాలు నాజిక్ ముందు వచ్చింది. రొప్పుతూ వంగి ఆపా ఇచ్చిన కత్తెరతో కోసింది. తెల్లపోగు తెగి నేల మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నల్లపోగు నల్లటి బూట్ల మీద అలాగే ఉండిపోయింది. ఎవరికీ కనపడలేదు.

"రండి ఆతా," అంది ఎజె వెనక్కి ఒక అడుగు వేస్తూ.

కుడి కాలు ఈడ్చుకుంటూ జానెడు ముందుకి వచ్చింది. ఇంకా చప్పట్లు. ఆయన ఎడమ కాలు ధీమాగా ఎత్తాడు. తాడు బిగిసింది. కుడి మడమని వెనక్కి లాగేసినట్టయింది. ఆ పెద్ద శరీరం కుడి పక్కకి వాలడం మొదలైంది. అప్పుడు నేను చూసినది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తోలు పట్టీ మీద ఎజె ఎడమ చెయ్యి. చిటికెన వేలు, దాని పక్కది, ఆ పక్కది.

నేను వెనక నుంచి రెండు చేతులా పట్టీ దొరకబుచ్చుకుని నా మీదికి లాక్కుని కూలబడ్డాను. ఎజె ఒంటి మోకాలు నేలకి కొట్టి, రెండో మోకాలు ఆయన తుంటి కింద దూర్చింది. ఆతా సగం ఆమె మోకాలి మీద, సగం నా మీద పడ్డాడు. నా మణికట్టు ఆయన కింద నలిగింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరిదో బోర్సోక్ దొర్లుకుంటూ కమ్మీల కిందికి వెళ్లడం వినిపించింది.

"ముందు ఆ తాడు కోయండి," అన్నాడు ఆతా నేల మీంచి. "లేకపోతే నన్ను మేతకి వదిలేసేలా ఉన్నారు."

నాజిక్ ఏడుస్తూ వచ్చి నల్లపోగు కోసింది. కత్తెర నాలుగుసార్లు ఆడించాల్సి వచ్చింది. గులీపా అసనోవ్నా ఆయన తుంటి, కాలు, భుజం అన్నీ నొక్కి చూసింది. ఏం విరగలేదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాక ఆవిడ లేచి నిలబడి, "ఎవరి చెయ్యి వదిలింది?" అని అడిగింది.

"ఈ పిల్లే," అంది కల్‌బూబూ ఆపా. "నేను చూశాను. ఆయన చక్కగా నడుస్తుంటే ఈ పిల్ల వెనక నుంచి లాగేసింది."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఆరు కుర్చీలు, గోడల పొడుగూతా రోగులు, ఏడుగురు పిల్లలు. నేను నోరు విప్పితే ఎజె చెయ్యి బయటపడుతుంది. విప్పకపోతే నా ఉద్యోగం పోతుంది, మళ్లీ ఈ మెట్లు ఎక్కను. రోజూ నాకు భయం పుట్టించిన ఆ మెట్లే ఆ క్షణంలో నాకు కావాలనిపించాయి. ఎజె ఇంకా ఒంటి మోకాలి మీదే ఉంది. ఆమె కళ్లు నేల మీదున్న నల్లపోగు మీద ఉన్నాయి.

"అవును. నేనే లాగాను," అన్నాను. అబద్ధం కాదు.

"నా గదిలోకి రా," అంది డాక్టర్.

నేను రెండడుగులు వేశాను.

"ఆ పిల్లని ఆపండి." ఎజె గొంతు. పెద్ద గొంతు కాదు, దుప్పట్ల గదిలో విన్న గొంతు. "ఆ పిల్ల లాగకపోతే ఆయన తుంటి ముక్కలయ్యేది. వదిలింది నేను."

అని ఎడమ చెయ్యి పైకెత్తి గుప్పిలి మూయబోయింది. బొటనవేలు, చూపుడు వేలు వంగాయి. మిగిలిన మూడూ అలాగే నిలబడి ఉన్నాయి. హాల్లో ఉన్న రోగులందరూ ఆ చెయ్యి పట్టుకుని లేచినవాళ్లే. కల్‌బూబూ ఆపా చేతులతో మొహం కప్పుకుంది.

"ఎప్పటి నుంచి?" అంది డాక్టర్.

"ఫిబ్రవరి నుంచి. ఈ పిల్లకి తెలుసు. చెప్పొద్దన్నది నేనే."

గులీపా అసనోవ్నా ఆమెని మా వార్డులోనే నాలుగో నంబరు మంచం మీద పడుకోమంది. ఎజె పడుకుంది. నేను తలగడ సర్దాను. నా మొహం చూడకుండా, "నా బూట్లు విప్పు పిల్లా, దుప్పటి మాసిపోతుంది," అంది.

సోమవారం ఆమెని రాజధానికి పంపారు. తలలో ఒక సన్నని రక్తనాళం మూసుకుపోయిందని తేల్చారు. బరువులు ఎత్తకూడదన్నారు. ఇంకోటి మూసుకుపోవచ్చు, ఎప్పుడో చెప్పలేం అన్నారు. ఆమె అక్కడున్న తొమ్మిది రోజులూ వార్డులో నేను ఒక్కదాన్నే ఉన్నాను. మణికట్టుకి కట్టుతోనే మేకు మీంచి పట్టీ తీసేదాన్ని. ఎవరి మోకాలు కొంచెం వంగినా రెండు చేతులా పట్టీ గుంజేదాన్ని. షార్షెంబెక్ ఆతా నాలుగో రోజు ఏ వేడుకా లేకుండా ఏడడుగులు వేశాడు. తర్వాత కూర్చుని, "శుక్రవారం, నువ్వు ఊపిరి పీల్చుకోవచ్చు ఇక," అన్నాడు.

పదో రోజు ఎజె వచ్చింది, మా వార్డుకే, రోగిగా. నాలుగో నంబరు మంచం. నేను వెళ్లేసరికి వెల్లకిలా పడుకుని ఉంది.

"ఆ పైకప్పు చూశావా? సరిగ్గా నా తల మీద మరక ఉంది, మేక తలలాగా. కొమ్ములు కూడా ఉన్నాయి. ఇరవై ఏడేళ్లలో ఒక్కరు కూడా నాతో చెప్పలేదే!"

నేను కూడా తల ఎత్తి చూశాను. నిజమే, కొమ్ములు ఉన్నాయి.

పొద్దున అరగంట ఆమె బల్ల దగ్గర కూర్చుని గొర్రె చీలమండ ఎముకలు ఎడమ చేత్తో గిన్నెలో వేస్తుంది. రోగులందరికీ తను కసరత్తుగా ఇచ్చిన ఎముకలే అవి. చిన్నప్పుడు మేమంతా ఆడుకున్నవే. మొదటి రోజు ఇరవైలో ఆరు పడ్డాయి. కింద పడినవి నేను ఏరుతుంటే, "ఏరకు, నేనే వంగుతాను," అంది. తర్వాత, "సరే, ఏరు," అంది.

అవి అయ్యాక నడక. ఆమె నడవగలదు, మెట్లు ఎక్కే వచ్చింది. అయినా మంచం అంచున కూర్చుని మేకు వైపు చెయ్యి చూపించింది.

"పట్టీ తే."

"మీకెందుకు ఎజె?"

"పట్టీ లేకుండా ఈ వార్డులో ఎవరూ లేవకూడదని నియమం పెట్టిందెవరు?"

"మీరే."

"మరి?"

నడుముకి చుట్టి బకిల్ దగ్గర వంగాను. ఆ తోలు ఎంత బరువుందో అప్పుడు తెలిసింది. 

"ఇంకో రంధ్రం బిగించు. నేనేం వేడుకకి రాలేదు."

బిగించాను. ఎదురుగా నిలబడి రెండు పక్కలా పట్టుకున్నాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

"వణుకుతున్నాయి."

"అవును ఎజె."

"వణకనీ. వదలకు."

ఆమె లేచింది. నేను వెనక్కి ఒక అడుగు వేశాను. నా వెనక ఏముందో చూసుకోలేదు. ఆమె నా భుజం మీదుగా చూస్తూ, "కుర్చీ ఉంది, కొంచెం ఎడమకి," అని చెబుతూ వచ్చింది.